స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌తో 50 మీటర్ల గురి: లోపం చేతిదా, తుపాకీదా?

తోటమాలి:
నిన్న తెల్లవారుజామున గాలి లేవకముందే మా మామిడితోటలో 50 మీటర్ల దూరాన కాగితం పెట్టి, ఇసుక సంచి మీద అరచేయి ఉంచి, దానిపై రైఫిల్‌ను బిగించకుండా ఆనించి కొట్టిన ఐదు పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) 22 మిల్లీమీటర్లలో పడ్డాయి. రైఫిల్ .177 అంగుళాల (నాలుగున్నర మిల్లీమీటర్ల) స్ప్రింగుది, పెల్లెట్ బరువు 8.44 గ్రెయిన్లు, అంటే అర గ్రాముకు కాస్త ఎక్కువ. స్ప్రింగు రైఫిల్ 25 మీటర్లు దాటితే పనికిరాదనే వారికి ఇదే నా సమాధానం. లోపం పట్టుకునే చేతిలో ఉంటుంది గాని తుపాకీలో ఉండదు.

తూనికరాయి:
అభినందనలు. ఆ 22 రంధ్రాల బయటి అంచుల మధ్య దూరమా, కేంద్రాల మధ్య దూరమా? రెండింటికీ నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ ఉదయం మొత్తం ఎన్ని కాగితాలు కాల్చారో కూడా చెప్పండి.

తోటమాలి:
కేంద్రాల మధ్య దూరమే. పది కాగితాలు కాల్చాను. మిగిలిన తొమ్మిదీ 35 నుంచి 60 వరకు వచ్చాయి. అయితే వాటిలో ఎక్కడ నా పట్టు తప్పిందో నాకు తెలుసు.

తూనికరాయి:
పెల్లెట్ పక్కకు పోయిన తరువాతే పట్టు తప్పిందని తెలిస్తే దాన్ని తెలియడం అనలేము. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు తోసిన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది; నలిగిన గాలి మీద పిస్టన్ ఆగేసరికి రైఫిల్ మళ్ళీ ముందుకు ఉరుకుతుంది; పెల్లెట్ బారెల్ దాటేలోపే ఈ కుదుపు మొదలవుతుంది కనుక పట్టు ముఖ్యమన్న మాటను నేను కాదనను. కాని నా పాత స్ప్రింగు రైఫిల్‌ను వేగం కొలిచే క్రోనోగ్రాఫుతో కొలిస్తే సగటు వేగం సెకనుకు 240 మీటర్లు, అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య తేడా 8 మీటర్లు. ఆ వేగంతో పెల్లెట్ 50 మీటర్లు చేరేసరికి బారెల్ గీతకు దాదాపు 29 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 8 మీటర్ల తేడా వల్ల అందులో సుమారు రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ రెండు సెంటీమీటర్లను ఏ అరచేయి సరిదిద్దగలదు?

గాలిపటం:
మా వైపు పొద్దున తొమ్మిది దాటితే గాలే సరిదిద్దుతుందండీ. సెకనుకు రెండు మీటర్ల పక్కగాలి చాలు, 50 మీటర్లలో పెల్లెట్ ఆరేడు సెంటీమీటర్లు జరుగుతుంది.

సీమదొర:
నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ లైసెన్సు లేని ఎయిర్ రైఫిల్ శక్తి 12 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్ళు దాటకూడదు. మన దేశంలో లైసెన్సు అక్కరలేని 20 జౌళ్ళ పరిమితి కన్నా తక్కువే. ఆ శక్తితోనే ఫీల్డ్ టార్గెట్ (ఆరుబయట లోహపు బొమ్మలను పడగొట్టే) పోటీలలో 55 గజాల దూరాన 40 మిల్లీమీటర్ల గుండ్రటి గురిని కొడతారు. స్ప్రింగు రైఫిళ్ళకు విడిగా ఒక తరగతి ఉంది.

తోటమాలి:
పోటీ పెడుతున్నారంటేనే అది సాధ్యమని అర్థం.

తూనికరాయి:
విడిగా పెడుతున్నారంటేనే తేడా ఉందని అర్థం.

మూడోకన్ను:
50 మీటర్లు ఖాయమని చెప్పి ఒక దుకాణదారు నాకు అమ్మిన రైఫిల్, రెండు నెలలలో స్కోపు (గురి చూసే దుర్భిణి) లోపలి గురి దారాన్ని తెంపేసింది. ముందుకు ఉరికే కుదుపును తట్టుకునే స్కోపు వేరే ఉంటుందని ఆయన అప్పుడు చెప్పలేదు. ఫిర్యాదు చేస్తే మీ చేతి దోషం అన్నారు.

తోటమాలి:
దుకాణం గొడవ వేరు. ఓపిక లేనివారు పంపుతో గాలి నింపుకునే పీసీపీ కొనుక్కుంటారు. అందులో కుదుపు ఉండదు, నేర్చుకోవలసినదీ ఉండదు. తూనికరాయి గారు ఎప్పుడు మారారో మనందరికీ తెలుసు.

తూనికరాయి:
ఎందుకు మారానో కూడా తెలుసుకోండి. ఇలాంటి మాటలు నమ్మి ఏడాదిపాటు రోజూ నా చేతినే నిందించుకున్నాను, పట్టు మార్చాను, భుజం మార్చాను, డబ్బా మీద డబ్బా పెల్లెట్లు ఖర్చు చేశాను. చివరికి స్ప్రింగు ఎక్కించడానికి బారెల్ మడిచే కీలు దగ్గర మర వదులైందని తేలింది. లోపం ఎప్పుడూ చేతిదే అని ముందే తీర్పు చెప్పేవారు ఉన్నంతకాలం రైఫిల్‌ను ఎవరూ తనిఖీ చేయరు. నా కోపం 22 మిల్లీమీటర్ల మీద కాదు, మీ మొదటి టపాలోని చివరి వాక్యం మీద.

తోటమాలి:
ఆ సంగతి నాకు తెలియదు. ఓపిక లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని ఆ ఐదు పెల్లెట్లు ఒకచోట పడిన మాట వాస్తవం. నా రైఫిల్ అది చేయగలదని తెలియకపోతే మిగిలిన తొమ్మిది కాగితాల ముందు నేను కూర్చునేవాణ్ణి కాదు.

తూనికరాయి:
అది చేయగలదని నేనూ ఒప్పుకుంటాను. తరువాతి ఐదూ ఎక్కడ పడతాయో కాల్చకముందే చెప్పగలరా అన్నదే నా ప్రశ్న.

తోటమాలి:
40 మిల్లీమీటర్లలో అని చెప్పగలను.

తూనికరాయి:
మీ తొమ్మిది కాగితాలు అలా అనడం లేదు.

గాలిపటం:
ఆ మర వదులైందని ఎలా తెలుస్తుందండీ? నాదీ మడిచే బారెలే.

తూనికరాయి:
పెల్లెట్ వేయకుండా, స్ప్రింగు ఎక్కించకుండా, బారెల్ మూసి ఉంచి కొనను పక్కలకు ఊపి చూడండి. ఏ కాస్త కదిలినా బిగించాలి.