సీఆర్‌పీ 42 ఉన్నప్పుడు ఫెరిటిన్ 86 వస్తే ఇనుము లోపం లేనట్టేనా?

జయనగర నివాసి:
మా అమ్మకు 61 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతంతో ఎనిమిదేళ్లుగా బాధపడుతున్నారు. అనంతపురం నుంచి బెంగళూరులో నా దగ్గరికి వచ్చాక పరీక్షలు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.1, ఫెరిటిన్ 86, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఎంత ఉందో చెప్పే సీఆర్‌పీ 42 వచ్చాయి. ఫెరిటిన్ పక్కన 13 నుంచి 150 వరకు సాధారణమని అచ్చయి ఉండడం చూసి, ఒక క్లినిక్‌లో ఐరన్ మాత్రలు ఆపేశారు. పదకొండు నెలలయింది, ఇప్పుడు ఒక అంతస్తు మెట్లు కూడా ఎక్కలేకపోతున్నారు. ఫెరిటిన్ ఇనుమును నిల్వ చేసే ప్రోటీనే అయినా, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఇనుము నిల్వలతో నిమిత్తం లేకుండా పెరుగుతుంది కదా. అలాంటప్పుడు ఆ 86ను ఉన్నదున్నట్టు నమ్మవచ్చా?

హెమటాలజీ బెంచి:
నమ్మవచ్చు. నేను 22 ఏళ్లుగా ల్యాబులో ఈ పరీక్షలే చేస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 15 కంటే తక్కువ ఉంటే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇన్‌ఫెక్షన్ లేదా ఇన్‌ఫ్లమేషన్ ఉన్న పెద్దవారికి 2020 మార్గదర్శకాలలో ఆ గీతను 70గా పెట్టింది. మీ అమ్మగారిది 86, అంటే పెంచిన గీత ప్రకారం చూసినా లోపం లేదు. మనకు కావలసిన జవాబు వచ్చేదాకా గీతను జరుపుకుంటూ పోకూడదు.

కాడుగోడి:
మా ఇంట్లోనూ ఇదే సమస్య ఉంది. చర్చను గమనిస్తున్నాను.

జయనగర నివాసి:
గీతను నేను జరపడం లేదండీ. పేగు వాపు జబ్బులకు ఐరోపా నిపుణుల సంఘం ఇచ్చిన సూచనలలో, ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెరిటిన్ 100 వరకు ఉన్నా లోపం ఉండవచ్చని ఉంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిలో 100 లోపు ఉంటే లోపమేనని, 100 నుంచి 299 మధ్య ఉన్నా ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్‌లో ఇనుముతో నిండిన భాగం) 20 శాతానికి తగ్గితే లోపమేనని లెక్కిస్తారు. జబ్బును బట్టి ఇన్ని గీతలున్నప్పుడు 70 ఒక్కటే శాసనం ఎలా అవుతుంది?

హెమటాలజీ బెంచి:
మీ అమ్మగారికి పేగు జబ్బు లేదు, గుండె జబ్బు లేదు. 86 అనేది 70 కంటే ఎక్కువ.

మధ్యాహ్నం షిఫ్టు:
నేను నర్సును. మీరిద్దరూ 70 దగ్గరే ఆగిపోయారు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేస్తుంది. కణాలలోని ఇనుము రక్తంలోకి వచ్చే దారి అయిన ఫెర్రోపోర్టిన్‌ను అది మూసివేయడంతో, పేగు పీల్చుకున్న ఇనుమూ, పాత ఎర్రకణాల నుంచి తిరిగి రావలసిన ఇనుమూ లోపలే చిక్కుకుపోతాయి. అందువల్ల ఇనుము నిజంగా లేకపోవడం వేరు, ఉన్నది రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జకు అందకపోవడం వేరు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. శాచురేషన్ చేయించారా?

జయనగర నివాసి:
చేయించాం. సీరం ఐరన్ 28, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఇనుమును మోయగలదో చెప్పే కొలత) 310, శాచురేషన్ 9 శాతం.

హెమటాలజీ బెంచి:
సీరం ఐరన్ ఇన్‌ఫ్లమేషన్ వల్ల కూడా పడిపోతుంది. ఒకే రోజులో పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. దాని మీద కట్టిన 9 శాతాన్ని రుజువు అనలేము.

జయనగర నివాసి:
రుజువు కావాలంటే వినండి. రాత్రి అందరూ పడుకున్నాక మా అమ్మ వంటింట్లో స్టీలు డబ్బా మూత తీసి, పిడికెడు పచ్చి బియ్యం నోట్లో పోసుకుని నములుతారు. ఆ చప్పుడు నాకు హాల్లోకి వినిపిస్తుంది. ఇనుము లోపం ఉన్నవారిలో ఇలాంటి అలవాటు కనిపిస్తుంది కదా. మాత్రలు వాడినన్నాళ్లు ఆ అలవాటు పోయింది, ఆపిన మూడో నెలలో మళ్లీ వచ్చింది. మీకు ఇవేవీ తెలియవు, ఎందుకంటే మీ దగ్గరికి మనిషి రాదు, గొట్టమే వస్తుంది.

హెమటాలజీ బెంచి:
ఈ మాట నన్ను బాధపెట్టింది. మా నాన్నగారికి ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయని, ఫెరిటిన్ చూడకుండానే రెండేళ్లు ఐరన్ మాత్రలు మింగించారు. చివరికి అది తలసీమియా మైనర్ (ఎర్రకణాలు చిన్నవిగా ఉండే వంశపారంపర్య లక్షణం) అని తేలింది. మలబద్ధకంతో, కడుపునొప్పితో ఆయన పడిన అవస్థ నేను దగ్గరుండి చూశాను. సంఖ్య లేనిదే ఎవరికీ ఇనుము ఇవ్వకూడదనే పట్టుదల నాకు అప్పటి నుంచి వచ్చింది. బియ్యం నమలడం చూసి మందు రాయడం మొదలుపెడితే మా నాన్నగారిలాంటివారు మళ్లీ నలిగిపోతారు.

జయనగర నివాసి:
మీ నాన్నగారికి పరీక్ష చేయకుండా ఇచ్చారు, మా అమ్మకు పరీక్ష చేసి ఆపారు. అనవసరంగా ఇస్తారేమోనని మీ భయం, అవసరమున్నా ఇవ్వరేమోనని నా భయం. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఫెరిటిన్ చేసిన సీరంలోనే సీఆర్‌పీ కూడా చేయవచ్చు కదా? సీఆర్‌పీ 42 ఉన్న మనిషి రిపోర్టులో కూడా 13 నుంచి 150 వరకు సాధారణమని ఎందుకు అచ్చు వేస్తారు?

హెమటాలజీ బెంచి:
రాత్రంతా మీ ప్రశ్నే తలలో తిరిగింది. చేయవచ్చు, ఆ పసుపు మూత గొట్టం ఒక్కటే రెండింటికీ చాలు. ఆ పరిధి ఆరోగ్యవంతులను చూసి పెట్టినది. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే అది వర్తించదని రిపోర్టు కింద ఒక వాక్యం చేర్చమని మా పాథాలజిస్టును ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు. అది నా తప్పు. టీఐబీసీ విషయంలోనూ తొందరపడ్డాను. కేవలం ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చిన రక్తహీనతలో టీఐబీసీ సాధారణంగా తగ్గుతుంది. సీఆర్‌పీ 42 ఉండి కూడా అది 310 దగ్గర నిలిచిందంటే నిజమైన లోపం కూడా కలిసి ఉందన్న అనుమానం బలపడుతుంది. సాల్యుబుల్ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ (ఇనుము చాలనప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్) మీద ఇన్‌ఫ్లమేషన్ ప్రభావం తక్కువ కాబట్టి అది చేయించండి. తలసీమియా మైనర్‌లో అది కూడా పెరగవచ్చు, అందుకని ముందు హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో ఆ సంగతి తేల్చుకోవడం మంచిది.

కాడుగోడి:
మజ్జ పరీక్షతో అంతా తేలిపోదా?

మధ్యాహ్నం షిఫ్టు:
మజ్జకు ప్రష్యన్ బ్లూ రంగు వేసి చూస్తే నిల్వ ఉందో లేదో తెలుస్తుంది. అయితే అందుకోసం ఈ వయసులో ఆమె తుంటి ఎముకలోకి సూది దించనవసరం లేదు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. లోపమే ఉంటే ఇనుము ఎటు పోతోంది? నొప్పి మాత్రలు ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రోజూ కొంచెం కొంచెంగా రక్తం పోవచ్చు. ఆమె కీళ్లనొప్పులకు ఏ మాత్రలు వేసుకుంటున్నారు?

జయనగర నివాసి:
డైక్లోఫెనాక్, నాలుగేళ్లుగా. ఈ ప్రశ్న మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.