బ్యాచ్ చెల్లింపులో ఒకటి ఫెయిలైతే: మొత్తం రివర్టా, ట్రై-క్యాచ్‌తో దాటేయాలా?

కోఠి_కోడర్:
మా సాలిడిటీ కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఒకే లావాదేవీలో 200 అడ్రసులకు టోకెన్లు పంచుతుంది. టోకెన్ బ్లాక్‌లిస్టులో ఉన్న ఒక్క అడ్రసు వల్ల మొత్తం రివర్టయి, అంటే లావాదేవీ అంతా రద్దయి, మిగతా 199 మందికీ ఆగిపోతే ఎట్ల? లూప్‌లో ట్రై-క్యాచ్ (ఎర్రర్‌ను పట్టుకుని ముందుకు సాగే కోడ్) పెట్టి దాటేయడమే సబబు అంటాను.

గచ్చిబౌలి_గ్యాస్:
ట్రై-క్యాచ్ మీద అంత భరోసా వద్దన్నా. అవతలి కాంట్రాక్టులో పుట్టిన రివర్టునే అది పట్టుకుంటది. పిలిచిన అడ్రసులో కోడే లేకున్నా, తిరిగొచ్చిన డేటా మనం రాసిన టైపుకు కుదరకున్నా రివర్ట్ మన కాంట్రాక్టులోనే పుడుతుంది, క్యాచ్‌కు చిక్కదు. ఇథీరియం మీద యూఎస్‌డీటీ టోకెన్ ట్రాన్స్‌ఫర్ బూల్ (ట్రూ/ఫాల్స్) తిరిగివ్వదు గదా, అది వస్తుందని ఆశించే ఐఈఆర్‌సీ20 అనే ప్రామాణిక టోకెన్ ఇంటర్‌ఫేస్‌తో పిలిస్తే ట్రైలో పెట్టినా బ్యాచ్ మొత్తం పడిపోతది.

కోఠి_కోడర్:
సరే, లో-లెవెల్ కాల్ (ఇంటర్‌ఫేస్ లేకుండా నేరుగా పిలవడం) వాడదాం. ఫెయిలైతే ఫాల్స్ వస్తది, అంతే గదా.

గచ్చిబౌలి_గ్యాస్:
టోకెన్ అడ్రసు తప్పై, అక్కడ కోడ్ లేకున్నా కాల్‌కు ట్రూ వస్తది! ఎవరికీ చేరకుండానే అందరికీ ఇచ్చేసినట్టు లెక్క పడుతుంది. మూడూ చూడాలి: కాల్ ట్రూ అయిందా, టోకెన్ అడ్రసులో కోడ్ ఉందా, తిరిగొచ్చిన డేటా ఖాళీయా లేక ట్రూనా. సేఫ్‌ఈఆర్‌సీ20 లైబ్రరీ చూసేదీ ఇవే.

అమీర్‌పేట_ఆడిటర్:
ఇద్దరూ గ్యాస్ (లావాదేవీ నడవడానికి ఖర్చయ్యే ఇంధనం లాంటిది) సంగతి వదిలేశారు. ఈఐపీ-150 అనే ఇథీరియం నియమం ప్రకారం, మిగిలిన గ్యాస్‌లో 64వ వంతు మన దగ్గర ఉంచి తక్కినదే కాల్‌కు పోతుంది. టోకెన్లు కాక ఈథర్ (ఇథీరియం సొంత నాణెం) పంచుతుంటే, 64 లక్షల గ్యాస్ ఉన్నప్పుడు పుచ్చుకునే కాంట్రాక్టు తనకు పోయిందంతా మింగేస్తే మనకు మిగిలేది లక్ష. కొత్త స్టోరేజ్ స్లాట్ రాయడానికే 20,000 పైన. నాలుగు రాసేసరికి సరి! అందుకే ప్రతి కాల్‌కూ గ్యాస్ పరిమితి పెట్టాలి.

ఇంతకన్నా పాడు పని ఇంకొకటుంది. ఫంక్షన్‌ను ఎవరైనా పిలవగలిగితే, కావాలనే తక్కువ గ్యాస్ ఇచ్చి లోపలి కాల్‌ను చంపొచ్చు. మీ క్యాచ్ అమాయకంగా "ఇతనికి ఫెయిల్" అని రాసుకుంటుంది. కాల్‌కు ముందే గ్యాస్‌లెఫ్ట్ (ఇంకా మిగిలిన గ్యాస్) చూసి, చాలకపోతే మొత్తం రివర్ట్ చేయండి.

నా ఓటు మాత్రం క్లెయిమ్ పద్ధతికే. ఎవరి వాటా వాళ్లే తీసుకుంటారు, రివర్ట్ అయినా ఆ ఒక్కరిదే. అక్కడ కస్టమ్ ఎర్రర్ (మనమే పేరు పెట్టుకునే ఎర్రర్) చాలు, సాలిడిటీ 0.8.4 నుంచి ఉంది. ఆర్గ్యుమెంట్ లేకపోతే రివర్ట్ డేటా 4 బైట్లే; షరతు తప్పితే రివర్ట్ చేసే రిక్వైర్‌లో చిన్న స్ట్రింగ్ పెట్టినా 100 బైట్లు.

కోఠి_కోడర్:
క్లెయిమ్ గ్యాస్ ఎవరు కడతారన్నా? జీతాల చెల్లింపుకు అది కుదరదు. పరిమితితో పంపి, ఫెయిలైన వాళ్లది బాకీ మ్యాపింగ్‌లో (అడ్రసులవారీ పట్టికలో) వేసి, ఈవెంట్ (బయటివాళ్లకు కనిపించే లాగ్) ఎమిట్ చేస్తా. ఆ బాకీ మటుకు వాళ్లే క్లెయిమ్ చేసుకోవాలి.

అమీర్‌పేట_ఆడిటర్:
అట్లయితే ఒప్పుకుంటా. క్లెయిమ్‌లో బాకీని సున్నా చేశాకే పంపండి, రీఎంట్రన్సీ ఉంది, అంటే పుచ్చుకునే కాంట్రాక్టు మధ్యలోనే మళ్లీ క్లెయిమ్‌ను పిలవొచ్చు.