అప్‌డేట్: మ్యూనిక్ వెళ్లాలనే డిసైడయ్యాం

మా ఆయనకు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, బెంగళూరులోని మారతహళ్లి వదిలి వెళ్తే బతుకు నిజంగా బాగుపడుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. జీతం కాదు, చేతికొచ్చేది చూడండి అని మీరన్నారుగా, అలాగే లెక్కేశాం. పన్ను, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ పోయి అద్దె కూడా కట్టాక మిగిలేది ఇక్కడికంటే పెద్ద ఎక్కువేం కాదు.

అయినా వెళ్తున్నాం. అక్కడున్న మా ఆడపడుచు సాయంత్రం ఆరింటికి పిల్లాణ్ని పార్కులో ఆడిస్తూ వీడియో కాల్ చేస్తుంది, అప్పుడు మనకు రాత్రి తొమ్మిదిన్నర, ఈయనేమో ఇంకా ఇక్కడ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో క్యాబ్‌లోనే ఉంటారు! బ్లూ కార్డ్ (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే రెసిడెన్స్ పర్మిట్) మీద వెళ్తే భార్య కూడా ఉద్యోగం చేసుకోవచ్చు, ఆయనకు జర్మన్ భాష బీ1 స్థాయి (మధ్యస్థం) వస్తే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేయొచ్చు, ఏ1 (మొదటి మెట్టు)తో అయితే 27 నెలలకు. ఆదివారం షాపులన్నీ దాదాపు బంద్, పనమ్మాయి ఉండదు (అంట్లు ఆయన వంతేనని ముందే ఒప్పించా).

అత్తయ్యగారు మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నారు. ముందు ఈయన వెళ్తారు, ఇల్లు దొరికాక నేనూ బాబూ. ఈలోపు ఇందిరానగర్ మాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్ క్లాసులకు చేరుతున్నా.