క్లాప్ తర్వాత ఎవరు? బెజవాడ, గుంటూరు లివర్‌పూల్ వాళ్లంతా ఒకసారి ఇటు రండి

కృష్ణలంక కాప్ (ఏప్రిల్ 22, 2024)
మన లివర్‌పూల్ మేనేజర్ క్లాప్ వెళ్లిపోతున్నానని చెప్పి మూడు నెలలు కావస్తోంది. జనవరి 26న ఆ వీడియో వచ్చినప్పుడు అందరం గింజుకున్నా, మన పాత ఆటగాడు అలోన్సో వస్తాడులే అని లోపల ధైర్యంగానే ఉన్నాం. మార్చి 29న ఆయన తాను కోచ్‌గా ఉన్న జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌లోనే ఉంటానని తేల్చేశాడు. అప్పటి నుంచి మన ఎమ్మెల్యే టికెట్ల లిస్టు లాగా రోజుకో పేరు. పొద్దున అమోరిమ్, మధ్యాహ్నం డి జెర్బీ, రాత్రికి ఇంకెవరో. ఈలోపు టీమ్ చూస్తే సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లోనే అటలాంటా చేతిలో 0-3, వెంటనే క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-1. యూరోపా లీగ్ చేజారింది. నిన్న ఫుల్‌హామ్ మీద 3-1 గెలిచాం కాబట్టి ఈ పోస్టు రాసే ఓపికైనా వచ్చింది.

ఎవరు కావాలో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. పెద్ద మేనేజర్ వెళ్లిపోతే ఎలా ఉంటుందో చవిచూసిన యునైటెడ్, ఆర్సెనల్ వాళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. వెటకారం కాస్త పక్కన పెట్టి, అప్పుడు మీకేం జరిగిందో చెప్తే వింటాం.

బ్రాడీపేట 14
నేనింకా ఆ గుడ్ ఫ్రైడే నుంచి తేరుకోలేదు అన్నా. చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, ఉపవాసం విడిచి, కడుపు నిండా తిని పడుకున్నా. సాయంత్రం లేచి ఫోన్ చూస్తే అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. అలోన్సో రావట్లేదట. అమ్మ టీ తెచ్చి ఎవరికేమైంది రా అని కంగారు పడింది. ఏమని చెప్పాలి?

దానికి తోడు, మనం ప్యాలెస్ చేతిలో ఓడిన ఏప్రిల్ 14నే ఆయన లెవర్కూసెన్‌కి మొట్టమొదటి బుందెస్‌లిగా టైటిల్ తెచ్చిపెట్టాడు. 2005 ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మన తరఫున గోల్ కొట్టిన మనిషి. ఇంతకన్నా సరిపోయేవాడు ఎక్కడ దొరుకుతాడు?

వించిపేట వింగర్
దొరకడు. వదిలెయ్ మావా.

నా ఓటు అమోరిమ్‌కే. పోర్చుగల్‌లో స్పోర్టింగ్‌కి 19 ఏళ్ల తర్వాత 2021లో లీగ్ తెచ్చాడు, ఇంకా నలభై కూడా నిండలేదు. ప్రెస్‌మీట్‌లో బాగా మాట్లాడతాడు, కుర్రాళ్లని ఎదగనిస్తాడు.

మొగల్రాజపురం 66
అమోరిమ్ మంచి కోచే, కాదనను. కానీ ఆయనది వెనక ముగ్గురితో ఆడే 3-4-3. మన దగ్గర ఉన్నదంతా వెనక నలుగురుండే 4-3-3 కోసం కొన్న సరుకు. మన రైట్‌బ్యాక్ ట్రెంట్‌ని ఎక్కడ పెడతారు? వింగ్‌బ్యాక్‌గానా, మిడ్‌ఫీల్డ్‌లోనా? సలా లోపలికి వచ్చి ఆడితే కుడివైపు వెడల్పు ఎవరిస్తారు?

మా కాలేజీలో ఒక సీజన్ అమ్మాయిల టీమ్‌కి కొత్త కోచ్ వచ్చి వెనకాల ముగ్గురిని పెట్టారు. నన్ను వింగ్‌బ్యాక్ చేశారు. ఏప్రిల్ ఎండలో, అదీ బెజవాడలో! గ్రౌండ్ ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తి ఇరవై నిమిషాలకే గోల్‌పోస్ట్ పట్టుకుని నిలబడ్డాను. అటాక్‌కి వెళ్తే వెనక్కి రాలేను, వెనక ఉంటే ముందు ఎవరూ లేరు. కోచ్ ఆలోచనలో తప్పు లేదు, దానికి తగ్గ కాళ్లు మా దగ్గర లేవు. మేనేజర్ పేరు విన్నప్పుడల్లా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

తెనాలి రెడ్ డెవిల్
పిలిచారు కాబట్టి వచ్చాను. వెటకారం ఆడను, నిజంగా. ఈ బాధ పగవాడికి కూడా వద్దు, మీరు పగవాళ్లే అయినా.

2013లో మా యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయినప్పుడు మేం కూడా మీలాగే పేర్లు లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాం. అసలు దెబ్బ ఎక్కడ పడిందో తర్వాత తెలిసింది. ఆయనతో పాటే చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయాడు. ఆటగాళ్లను కొనడంలో పండిపోయిన మనిషి, పాత మేనేజర్ ఇద్దరూ లేని ఇంట్లో, వచ్చిన ఇద్దరూ కొత్తవాళ్లే. కొత్త మేనేజర్ మోయెస్ వస్తూనే పాత కోచింగ్ స్టాఫ్‌ని మార్చేశాడు. ఆ వేసవిలో ఎవరెవరో వస్తారని ఊదరగొట్టి, చివరి రోజు ఫెల్లైనీని కొన్నారు. ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా అప్పటికే చివరి దశలో ఉన్నారు. ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చిన మనిషిని పది నెలలకే పంపేశారు. మేం ఏడో స్థానం.

తర్వాత వాన్ గాల్ ఎఫ్‌ఏ కప్ గెలిస్తే రెండు రోజులకే సాగనంపారు. మొరీనియో వచ్చాడు, రెండు కప్పులు తెచ్చాడు, చివరికి అందరితో గొడవ పెట్టుకున్నాడు. సోల్షర్ పారిస్‌లో పీఎస్‌జీని 3-1తో కొట్టిన ఊపులో పర్మనెంట్ చేసేశారు. ఆ రాత్రి తెల్లవారుజామున ఇంట్లో అరిచింది నేనే, ఆయన్నే ఉంచండని పోస్టులు పెట్టింది కూడా నాలాంటి వాళ్లే. ఒక్కొక్కరూ తమకు నచ్చిన ఆటగాళ్లని కొనిపించుకుని వెళ్లిపోయారు. ఆ సరుకంతా తర్వాత వచ్చినవాడి నెత్తిన పడింది.

అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నా. ఎవరు వస్తారన్నది సరే, ఎంపిక చేసేది ఎవరు?

కృష్ణలంక కాప్
థాంక్స్ అన్నా, మనస్ఫూర్తిగా. మా దగ్గర అదొక్కటే కాస్త ఊరట. మైకేల్ ఎడ్వర్డ్స్ మార్చిలో తిరిగొచ్చాడు, ఈసారి ఓనర్ల కంపెనీలో ఫుట్‌బాల్ మొత్తానికి బాస్‌గా. బోర్న్‌మత్ నుంచి రిచర్డ్ హ్యూస్ స్పోర్టింగ్ డైరెక్టర్‌గా వస్తున్నాడు. అయితే క్లాప్‌తో పాటు ఆయన అసిస్టెంట్లు లైండర్స్, క్రావీట్జ్ కూడా వెళ్లిపోతున్నారు. అక్కడ మాత్రం మీ కథే రిపీట్ అవుతుందేమోనని టెన్షన్.

అరండల్‌పేట గన్నర్
మా ఆర్సెనల్‌ది ఇంకో రకం. మేనేజర్‌గా వెంగర్ 22 ఏళ్లు ఉన్నాడు. చివరి రెండేళ్లు ఆయన్ని వెళ్లమని అన్నవాళ్లే వెళ్లాక ఏడ్చారు. తర్వాత వచ్చిన ఎమెరీ మంచి కోచే. మొదటి సీజన్ ఐదో స్థానం, బాకూలో యూరోపా ఫైనల్ చెల్సీ చేతిలో 1-4. రెండో సీజన్ నవంబర్‌కి ఆయన లేడు.

ఆర్టెటా కూడా మొదట రెండుసార్లు ఎనిమిదో స్థానంలోనే ముగించాడు. 2021 ఆగస్టులో వరుసగా మూడు ఓటములు, ఒక్క గోల్ లేదు. అప్పుడు తీసేయమని నేనూ గోల చేశా. ఓనర్లు ఆగారు. ఇప్పుడు మాంచెస్టర్ సిటీతో టైటిల్ కోసం పోరాడుతున్నాం. మీవాళ్లు ఆగుతారా? అంతకన్నా ముందు, మీరు ఆగుతారా?

బ్రాడీపేట 14
నేను ఆగను. ముందే చెప్తున్నా.

పటమట పెద్దాయన
కుర్రాళ్లకి 2010 గుర్తుండదు. బెనిటెజ్ పోయాక హాడ్జ్‌సన్ వచ్చాడు. పాపం మర్యాదస్తుడు, కానీ టీమ్ ఆడుతున్న తీరు చూస్తే కడుపు తరుక్కుపోయేది. అక్టోబర్‌లో సొంత గ్రౌండ్‌లో బ్లాక్‌పూల్ చేతిలో ఓడి, కింది డివిజన్‌కి దిగజారే రెలిగేషన్ జోన్‌లో పడ్డాం. లివర్‌పూల్! అప్పట్లో పక్క సీటు అబ్బాయికి నేను ఫుట్‌బాల్ చూస్తానని చెప్పడమే మానేశా. జనవరికి డాల్గ్లీష్ వచ్చాకే మళ్లీ టీవీ పెట్టబుద్ధేసింది.

ఇక పాత సంగతి. 1974లో షాంక్లీ ఉన్నట్టుండి దిగిపోతే బయటివాళ్ల కోసం వెతకలేదు, పక్కనే ఉన్న పెయిస్లీని కూర్చోబెట్టారు. ఆయన మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. ఇప్పుడు ఆ పద్ధతి కుదరదు, ఒప్పుకుంటా. కానీ పెద్ద పేరు లేకపోతే కొంప మునగదు నాయనా.

వించిపేట వింగర్ (ఏప్రిల్ 25)
రాత్రి ఎవర్టన్ చేతిలో 0-2. లీగ్ కూడా అయిపోయినట్టే. అమోరిమ్ లండన్ వెళ్లి వెస్ట్ హామ్ వాళ్లతో మాట్లాడాడట! నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

మొగల్రాజపురం 66
అందరూ ఇప్పుడు ఫేయనోర్డ్ కోచ్ ఆర్నె స్లాట్ పేరే రాస్తున్నారు. ఆయన కూడా లివర్‌పూల్‌కి వెళ్లాలని ఉందని ప్రెస్‌మీట్‌లోనే చెప్పేశాడు. 2023లో డచ్ లీగ్ గెలిచాడు, మొన్న ఆదివారం డచ్ కప్ కూడా. 2020లో ఆయన కోచ్‌గా ఉన్న డచ్ క్లబ్ అజెడ్, కోవిడ్ వల్ల సీజన్ ఆగినప్పుడు పాయింట్లలో అయాక్స్‌తో సమానంగా ఉంది. వెనక నలుగురు, పైన ప్రెసింగ్, కిందనుంచి పాస్‌లు. మన టీమ్‌ని పెద్దగా విప్పి మళ్లీ బిగించక్కర్లేదు. నాకు నచ్చింది.

బ్రాడీపేట 14
డచ్ లీగ్ అక్కా అది! అక్కడి నుంచి యునైటెడ్‌కి వచ్చిన టెన్ హాగ్‌ని చూశాం కదా.

తెనాలి రెడ్ డెవిల్
మమ్మల్ని మళ్లీ లాగకండి.

మొగల్రాజపురం 66
తమ్ముడూ, దేశం చూసి కోచ్‌ని కొలిస్తే ఎట్లా? ఆయనకి ఏ టీమ్ ఇస్తున్నారో చూడు. సలా, వాన్ డైక్, ట్రెంట్ ముగ్గురి కాంట్రాక్టులూ 2025 జూన్‌తో అయిపోతాయి. వచ్చేవాడి మొదటి తలనొప్పి అదే, ఫార్మేషన్ కాదు.

కృష్ణలంక కాప్ (ఏప్రిల్ 28)
నిన్న వెస్ట్ హామ్‌తో 2-2. లైన్ దగ్గర సలాకీ క్లాప్‌కీ మాటామాటా వచ్చింది చూశారుగా. అక్క చెప్పిన తలనొప్పి వేసవి దాకా ఆగేలా లేదు.

పటమట పెద్దాయన
ఏడేళ్లు కలిసున్నాక వెళ్లేముందు చిన్న చిర్రుబుర్రులు మామూలే. స్లాట్‌కి ఏడాది టైమిద్దాం. టాప్ ఫోర్ వస్తే చాలు నాకు.

బ్రాడీపేట 14
నాకు చాలదు బాబాయ్.

వించిపేట వింగర్
ఆ గొడవ ఆగస్టులో పెట్టుకుందురు. మే 19న వుల్వ్స్‌తో క్లాప్ చివరి మ్యాచ్, మనకి రాత్రి 8:30కి. సన్‌రైజర్స్ ఆట ఆ రోజు మధ్యాహ్నమే కాబట్టి ఇంట్లో టీవీ కోసం యుద్ధం ఉండదు, పోలింగ్ కూడా 13నే అయిపోతుంది. అయినా మా డాబా మీద అందరం కలిసి చూద్దాం. గోడ తెల్లగా ఉంది, ప్రొజెక్టర్ ఎవరైనా తెస్తారా?

తెనాలి రెడ్ డెవిల్
ప్రొజెక్టర్ నా దగ్గరుంది. మా జెర్సీ వేసుకుని వస్తా, ఒప్పుకుంటేనే.