క్రియాటినిన్ 0.7, డీటీపీఏలో మాత్రం 76. తమ్ముడికి కిడ్నీ ఇవ్వొచ్చా?

దేవరకొండ అక్క:
మా తమ్ముడు నల్లగొండలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. నా బ్లడ్ గ్రూప్ కలిసింది. నాకు 42 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. బీపీ, షుగర్ లేవు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 0.7, దాని కిందే ఈజీఎఫ్‌ఆర్ (దాన్నిబట్టి అంచనా కట్టిన కిడ్నీల వడపోత) 110 అని ఉంది. హైదరాబాద్‌లో డీటీపీఏ స్కాన్ (ఇంజెక్షన్ ఇచ్చి కెమెరాతో అదే వడపోతను చూసేది) చేస్తే రెండు కిడ్నీలూ కలిపి 76 వచ్చింది. ఎడమది 52 శాతం, కుడిది 48. తొంభై దాటాలంటున్నారు. రిపోర్టు చూసినప్పటి నుంచి మా అత్తమ్మ "రెండూ కలిస్తేనే ఇంత, ఒకటి ఇచ్చొస్తే పిల్లల గతేంది" అని ఒకటే గొడవ. డాక్టర్‌ని కలిసేది సోమవారం. ఇంతకీ 110 నిజమా, 76 నిజమా?

పాలమూరు ల్యాబ్ టెక్నీషియన్:
అక్కా, ముందు ఆ 76 పక్కన ఏం రాసుందో చూడండి. ఉత్త "నిమిషానికి ఎంఎల్" అనా, "1.73 చదరపు మీటర్లకు" అనా? ఈజీఎఫ్‌ఆర్ ఎప్పుడూ ఒంటి విస్తీర్ణం 1.73 చదరపు మీటర్లు అనుకుని లెక్కగట్టిందే. మీది చిన్న ఒళ్లు. ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే మీ ఒంటి విస్తీర్ణం 1.38. ఉత్త 76 అయితే దాన్ని 1.38తో భాగించి 1.73తో గుణించండి, 95 వస్తుంది. ముందే సరిచేసిన 76 అయితే సంగతి వేరే. 2017 కేడీఐజీఓ (కిడ్నీ జబ్బులపై అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల్లో 90, ఆపైన ఉంటే సరే, 60 లోపైతే వద్దు. మధ్యలో ఉన్నవాళ్లకు వయసు, బీపీ, యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్ అన్నీ చూసి విడిగా తేలుస్తారు.

అట్లని 110నీ గుడ్డిగా నమ్మకండి. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. మీలాంటి సన్నటివాళ్లకు కండ తక్కువ కాబట్టి అంకె అందంగానే కనిపిస్తుంది. మటన్ తిన్నాక రక్తమిస్తే కాస్త పెరుగుతుంది కూడా. అనుమానముంటే సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష అడగండి, దానికి కండతో అంత పని లేదు. స్కాన్‌లో కెమెరాతోనే లెక్క తీశారా, ఇంజెక్షన్ తర్వాత గంటల తేడాతో రక్తం కూడా తీశారా? రక్తం తీసి చూసేదే గట్టి లెక్క.

దేవరకొండ అక్క:
ఉత్త 76 అనే ఉంది తమ్ముడూ, హమ్మయ్య. రక్తం తీయలేదు. చేతికి ఇంజెక్షన్ ఇచ్చి కెమెరా దగ్గర కదలకుండా పడుకోబెట్టారు. 24 గంటల యూరిన్ కూడా పట్టి తెమ్మన్నారు.

పాలమూరు ల్యాబ్ టెక్నీషియన్:
పొద్దున మొదటిది పారబోసి టైమ్ రాసుకోండి. తర్వాతివన్నీ క్యాన్‌లో పట్టాలి, మర్నాడు అదే టైమ్‌కు పోసింది కూడా. ఒక్కసారి బయట పోసినా లెక్క తగ్గిపోతుంది, పెళ్లికో పొలానికో పోయే రోజు పెట్టుకోకండి. సరిగ్గా పట్టినా దీంట్లో అసలుకంటే కొంచెం ఎక్కువే వస్తుంది. కిడ్నీ నాళాలు కూడా కొంత క్రియాటినిన్‌ను యూరిన్‌లోకి వదులుతాయి.

కోదాడ అమ్మ:
బిడ్డా, నేను నా కొడుక్కు ఇచ్చిన. నా క్రియాటినిన్ 0.8 ఉండేది, ఇచ్చినంక 1.1 అయింది. మొదట నాకూ టెన్షనే. ఒకటి తీస్తే పని సగానికి పడిపోదట, మిగిలింది పని పెంచుకుని ముందున్నదాంట్లో 60, 70 శాతం దాకా నిలబెడుతుందని డాక్టర్ చెప్పిండు. రెండిట్లో బాగా తేడా ఉంటే మంచిది మనకే ఉంచుతరు. నీ 52, 48 పెద్ద తేడా కాదు. ఏటా బీపీ, యూరిన్, క్రియాటినిన్ చూపించుకుంట. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపు గోళీలు మాత్రం బంద్ పెట్టిన.

సోమవారం మీ అత్తమ్మను కూడా తీసుకపో. నువ్వు వంద చెప్పినా వినదు, డాక్టర్ చెబితే వింటది.