అప్‌డేట్: సగంలో ఆగిన ఆల్బమ్ దిగింది, ఒక్క పాట తప్ప
క్రిస్మస్ రోజు ఆన్‌లైన్ మ్యూజిక్ స్టోర్‌లో డబ్బు కట్ అయింది, ఆల్బమ్ సగంలో ఆగిపోయింది, మళ్లీ కొనాలా అని అడిగాను కదా. కొనొద్దన్నవాళ్లకు దండం! తెల్లవారుజామున 4 గంటలకు లేచి, ఇదివరకు కొన్న పాటల పేజీలోంచి మళ్లీ నొక్కితే ఒక్క పాట తప్ప అన్నీ దిగాయి. పైసా అదనంగా పోలేదు.

ఇక్కడ పర్లాకిమిడిలో నెట్‌ను, టవర్‌ను తిట్టిన తిట్లన్నీ వృథా. మా బావ చేత రౌటర్ కూడా మార్పించాను, పాపం. అసలు గొడవ అటువైపు రద్దీది. 2006 క్రిస్మస్‌కు ఐట్యూన్స్ స్టోర్ కూడా ఇలాగే మొరాయించింది. కొత్త ఐపాడ్‌లు, గిఫ్ట్ కార్డులు పట్టుకుని జనం ఒకేసారి ఎగబడ్డారు మరి.

మిగిలిన పాట కోసం కస్టమర్ కేర్‌కు రాశాను. రసీదు నంబర్ కూడా పెట్టాను.