చీరల వెబ్‌సైటుకు గ్యాలరీ ప్లగిన్ అవసరమా? వర్డ్‌ప్రెస్‌లో ఉన్నదే చాలదా?

మంగళగిరి మగ్గం:
మాది మంగళగిరి. చీరలు నేయించి వాట్సాప్‌లో అమ్ముతాం. వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌తో ఒక వెబ్‌సైటు ఉంది. అందులో కొనుగోళ్లు జరగవు, చీరలు చూపించడానికే. ఇప్పుడు 180 చీరల ఫొటోలు ఎక్కించాలి. ఫొటోను తాకితే పెద్దది కావాలి, అంచు దగ్గరగా కనిపించాలి. నిజాం అంచు అడిగేవాళ్లు ముందు జరీనే చూస్తారు. రంగుల వారీగా ఏరుకునే వీలుంటే మరీ మంచిది. ఫొటోలు పేర్చి చూపించడానికి వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించుకునే గ్యాలరీ ప్లగిన్ పెట్టమని మా మేనల్లుడు అంటాడు. సైటు చేసిపెట్టిన అబ్బాయి వద్దే వద్దంటాడు. వాళ్ల వాదన తెగేదాకా ఫొటోలు నా ఫోన్‌లోనే ఉన్నాయి.

పాతకాపు:
వద్దన్న అబ్బాయి మాట వినండి. పేజీలో ఫొటోలను పేర్చే గ్యాలరీ బ్లాకు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. తెర వెడల్పును బట్టి తగిన సైజు ఫొటోను పంపే పద్ధతి 2015 చివర్లో వర్డ్‌ప్రెస్ 4.4 వెర్షన్‌తో వచ్చింది. పేజీ అడుగున ఉన్న ఫొటోలను అక్కడికి చేరేదాకా దించకుండా ఆపే ఏర్పాటు 2020లో 5.5తో వచ్చింది. తాకితే పెద్దదయ్యే సదుపాయం 2023 నవంబరులో 6.4తో వచ్చింది. ఒకప్పుడు ఈ మూడింటి కోసమే ప్లగిన్లు పెట్టుకునేవాళ్లం. పెరట్లో బావి పెట్టుకుని వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడటం ఎందుకు?

కెమెరా కన్ను:
పాతకాపు గారూ, బావి ఉంది సరే, గిలక ఏది? 6.4లో వచ్చిన ఆ సదుపాయంతో ఫొటో పెద్దదవుతుంది, అంతే. పక్క చీర చూడాలంటే దాన్ని మూసి, వెతికి, మళ్లీ ఇంకోదాన్ని తాకాలి. దుకాణంలో చీర మీద చీర విప్పి పరుస్తారు. ఒకటి చూపించి, మడతపెట్టి, బీరువాలో పెట్టి తాళం వేసి మరొకటి తీస్తే కొనడానికి వచ్చినవాళ్లు కూర్చుంటారా? మంచి ప్లగిన్‌లో వేలితో జరిపితే తరువాతి ఫొటో వస్తుంది. రంగుల వారీగా ఏరే బొత్తాలూ ఉంటాయి. నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. రెండువేల ఫొటోల్లోంచి ఆల్బమ్‌కు కావలసినవి ఇంటివాళ్లే ఎంచుకోవాలి. బ్లాకుతో ఆ పని చేసి చూపించండి, మీ కాళ్లకు దండం పెడతాను.

పాతకాపు:
దండం దాచుకోండి, మీ పెళ్లి ఫొటోల సంగతి నేను మాట్లాడలేదు. అడిగింది చీరల గురించి.

నా భయానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా ఊరి గ్రంథాలయానికి సైటు చేసిపెట్టాను. అరవై పేజీల్లో ఫొటోలు, అన్నీ ఒక గ్యాలరీ ప్లగిన్‌లోనే. పేరెందుకులెండి, దాన్ని చేసినవాళ్లు ఆ తరువాత పట్టించుకోవడం మానేశారు. వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ, దాని 7.4 వెర్షన్‌కు భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి కదా, దాంతో సైటును తమ సర్వర్లో ఉంచే హోస్టింగ్ వాళ్లు 8కి మార్చారు. ఆ రోజే సైటు తెల్లబోయింది. ప్లగిన్ తీసేస్తే సైటు లేచింది కానీ, ఫొటోలు ఉండాల్సిన చోటల్లా చదరపు బ్రాకెట్ల మధ్య గ్యాలరీ అని, ఏదో అంకె అని మిగిలాయి. ఫొటోలేమో ప్లగిన్ సొంత ఫోల్డరులో ఉన్నాయి, వర్డ్‌ప్రెస్ ఫొటోలు దాచే మీడియా లైబ్రరీలో ఒక్కటీ లేదు. వాటి కింద రాసిన వివరాలు డేటాబేసులో ఆ ప్లగిన్ సొంత పట్టికల్లో ఉన్నాయి. ఏ ఫొటో ఎవరిదో చెప్పగల లైబ్రేరియన్ అప్పటికే రిటైరయ్యారు. ఆయన ఇంటికి ప్రింట్లు పట్టుకెళ్లి, పక్కన కూర్చుని పేర్లు రాసుకున్నాను.

డల్లాస్ నుంచి:
ఈ వాదనలో అసలు విషయం పాతకాపు గారి మాటల మధ్యలో దాక్కుని ఉంది. ప్లగిన్ పెట్టాలా వద్దా అన్నది కాదు, ఫొటోలు ఎక్కడ ఉంటాయన్నది చూడండి. నెక్స్ట్‌జెన్ గ్యాలరీ అనే ప్లగిన్ చాలా పాతది, ఫొటోలను తన సొంత ఫోల్డరులోనూ వివరాలను తన సొంత పట్టికల్లోనూ పెట్టుకునే పద్ధతి దానిది. ఫూగ్యాలరీ, ఎన్‌వీరా, మాడ్యులా అనే ప్లగిన్లు మీడియా లైబ్రరీలోని ఫొటోలనే వాడుకుంటాయి. రేపు వీటిని తీసేస్తే అమరిక పోతుంది, ఫొటోలు పోవు. బ్రాకెట్ల బాధ వీటితోనూ ఉంటుంది, కానీ అదే లైబ్రరీ నుంచి మళ్లీ పేర్చుకోవచ్చు.

భద్రత సంగతి కూడా చూడాలి. అప్పట్లో పది లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఆ నెక్స్ట్‌జెన్‌లోనే డేటాబేసులోకి చొరబడే లొసుగు ఉందని 2017 ఫిబ్రవరిలో సుకూరి అనే వెబ్ భద్రతా సంస్థ బయటపెట్టింది.

కెమెరా కన్ను:
నెక్స్ట్‌జెన్ 2.1.79 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు, అది కూడా చెప్పండి. ఆ రోజుల్లోనే వర్డ్‌ప్రెస్ 4.7.0, 4.7.1లలో ఎవరైనా బయటినుంచి వచ్చి వ్యాసాలు మార్చేయగల లొసుగు బయటపడింది, 4.7.2లో పూడ్చారు. అందుకని వర్డ్‌ప్రెస్ మానేశామా? సవరణ ఎంత త్వరగా వచ్చిందన్నదే నేను చూస్తాను. ప్లగిన్ పేజీలో చివరిసారి ఎప్పుడు మార్చారో, ఏ వర్డ్‌ప్రెస్ వరకు పరీక్షించారో రాసి ఉంటుంది. పాతకాపు గారు నెలకొకసారి అది చూసుకుని ఉంటే లైబ్రేరియన్ గారింటికి వెళ్లే పని తప్పేది. ఫొటోలు ఎక్కడుండాలన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

పాతకాపు:
నెలకొకసారి చూడటానికి గ్రంథాలయంలో ఎవరున్నారు? మంగళగిరి వారింట్లో ఎవరున్నారు? మీకది వృత్తి, వాళ్లది మగ్గం.

అద్దకం అక్క:
ప్లగిన్ సంగతి మీరు తేల్చుకోండి. అంతకంటే ముందు రంగు చూసుకోండి. కెమెరాను అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో పెట్టి తీసి, వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చకుండా ఎక్కిస్తే, దారిలో ఆ రంగు సమాచారం ఊడిపోయిన ఫొటో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చిలకపచ్చ చీర ఎండిన ఆకులా ఉందని కొన్నవాళ్లు తిట్టారు, తప్పంతా మా కెమెరా అబ్బాయిది. సైజు గురించి మరో మాట. వెడల్పు గానీ ఎత్తు గానీ 2560 పిక్సెళ్లు దాటితే వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి చిన్న ప్రతి చేసి దాన్నే వాడుతుంది. చీర మొత్తం కనిపించే ఫొటోలో జరీ చూపించాలనుకుంటే కుదరదు. అంచును విడిగా, దగ్గరగా తీసి పెట్టండి. దానికి ఏ ప్లగినూ సాయం చేయదు.

డల్లాస్ నుంచి:
అక్కయ్య గారు చెప్పింది బంగారం. చూపు లేనివారి కోసం ఒక్కో ఫొటోకు ఒక వాక్యం వివరణ రాసే గడి మీడియా లైబ్రరీలో ఉంది, అదీ నింపండి. గూగుల్‌కూ పనికొస్తుంది.

మంగళగిరి మగ్గం:
వారం రోజులు ప్రయోగం చేశాను. సైటుకు నకలు చేయించి, అందులో మీడియా లైబ్రరీని వాడుకునే ప్లగిన్ ఒకటి పెట్టాం. రంగుల బొత్తాలు ముచ్చటగా ఉన్నాయి. నేనూ మేనల్లుడూ తప్ప వాటిని ఎవరూ తాకలేదు. మా చుట్టాల్లో పదిమందికి లంకె పంపితే అందరూ వేలితో జరుపుకుంటూ పోయారు, ఒక్కరూ ఏరలేదు. అందుకని ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, అలా రంగుకొక పేజీ చేసి మామూలు గ్యాలరీ బ్లాకులతో పేర్చాను. కొత్తగా మగ్గం దిగిన చీరల పేజీ ఒక్కదానికే ప్లగిన్ ఉంచాను. ఆ పేజీలో ఎప్పుడూ ఇరవైకి మించి ఉండవు. రేపు అది చెడినా పూటలో మళ్లీ పేర్చుకోగలను.

కెమెరా కన్ను:
అంటే గిలక పెట్టుకున్నారన్నమాట. దీపావళికి నాలుగు వందల చీరలయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం.

పాతకాపు:
ఒక్క పేజీకే! నాలుగు వందలైనా నా మాట ఇదే.

మంగళగిరి మగ్గం:
అద్దకం అక్క గారు చెప్పినట్టు అంచులు విడిగా తీశాం. మా అమ్మ ఫోన్‌లో ఒక నిజాం అంచును పెద్దది చేసి చూసి, జరీ పోగు ఒకటి తప్పిందని నేసినాయనకు అప్పటికప్పుడు ఫోను చేసింది. ఆయన ఇప్పుడు వెబ్‌సైటే వద్దంటున్నారు.